డేటాబేస్ అడ్మిన్ పరీక్ష పాసయ్యాను: పెర్ఫార్మెన్స్ సెక్షన్ ఎలా చదివానంటే

రిజల్ట్ వచ్చింది, పాసయ్యాను. స్కోరు నేను అనుకున్నదానికంటే బాగుంది, దాచుకోవడం దేనికి!

సిలబస్ మీకు తెలిసిందే. నార్మలైజేషన్, జాయిన్లు, బ్యాకప్ పాత పేపర్లు తిరగేస్తే వచ్చేస్తాయి. నేను పట్టుబట్టి కూర్చున్నది ఒక్క ప్రశ్న దగ్గరే: సింగిల్ థ్రెడ్ మీద, అంటే పనులన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే వరుసలో నడిచే డేటాబేస్‌కి ప్రాసెసర్లు పెంచితే స్పీడ్ పెరుగుతుందా?

పనిని ఎక్కువ ప్రాసెసర్లకి పంచితే వేగం ఎంతవరకు పెరుగుతుందో చెప్పే 1967 నాటి ఆమ్డాల్ సూత్రం అందరికీ కంఠతా వచ్చు. పనిలో 95 శాతం పంచగలిగినా వేగం 20 రెట్లు దాటదు. అసలు పంచలేని పనికైతే 64 కోర్లు (ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే భాగాలు) ఇచ్చినా గొర్రె తోక బెత్తెడే. కానీ చిక్కు సూత్రంలో లేదు, ప్రశ్నలో ఇచ్చే టాస్క్ మేనేజర్ (విండోస్‌లో సీపీయూ వాడకం చూపించే తెర) బొమ్మలో ఉంది. ఎనిమిది కోర్లు, సీపీయూ వాడకం 12 శాతం దగ్గర నిలకడగా ఉంది, క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) మాత్రం కదలట్లేదు. 'సీపీయూ ఖాళీ, డిస్క్ మార్చండి' అనే ఆప్షన్ ఊరిస్తుంది. వందను ఎనిమిదితో భాగించండి: 12.5. అంటే ఒక కోరు నిండిపోయింది, మిగతా ఏడింటికీ పని లేదు! డిస్క్ కోసం ఎదురుచూసే క్వెరీ అయితే అంకె అంత నిలకడగా ఉండదు. ఇది వెలిగాక చాప్టరంతా తేలికైపోయింది. ఇంకో తిరకాసు ఏంటంటే, ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఆ థ్రెడ్‌ని కోరు నుంచి కోరుకి తిప్పుతుంటుంది, అందుకే గ్రాఫ్‌లో అన్నీ తలా కాస్త పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి. లినక్స్‌లో 'టాప్' కమాండ్ కొడితే అదే ప్రాసెస్ ఒక కోరు లెక్కన 100 శాతం చూపిస్తుంది.

రెండో ప్రాసెసర్ దండగని మాత్రం రాయకండి. ఓఎస్, యాంటీవైరస్, బ్యాకప్ పనులు దాని మీదకి పోతే డేటాబేస్‌కి ఒకటి పూర్తిగా దక్కుతుంది. ఆ తర్వాత ఎన్ని పెంచినా దాదాపు తేడా ఉండదు. ఒక్కో కోరు ఎంత వేగమైనది, క్యాష్ (వెంటనే అందే మెమరీ) ఎంత, ఇండెక్స్ (డేటాని త్వరగా వెతికిపెట్టే సూచిక) ఉందా లేదా అన్నవే చూడాలి.

ఒక్క టాపిక్ మీద ఇన్ని రోజులా అని తోటివాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు. రోజుకు పది టాపిక్‌లు పైపైన చూసి టిక్ పెట్టుకోవడం చదువు కాదు. ఫోన్ పక్కన పడేసి ఒక్కటైనా తేలేదాకా కూర్చోవాలి.

చివరి వారంలో ఒక్కో డేటాబేస్‌కి ఉన్న తేడాలు మాత్రం చూసుకోండి. మైఎస్‌క్యూఎల్ ఒక్కో కనెక్షన్‌కి ఒక థ్రెడ్ ఇస్తుంది, కాబట్టి యూజర్లు ఎక్కువైతే కోర్లు పనికొస్తాయి, ఒంటరి పెద్ద క్వెరీకి అంతగా కాదు. పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచి ఒకే క్వెరీని పంచగలదు. రెడిస్ 6లో వచ్చిన ఐఓ థ్రెడ్లు నెట్‌వర్క్ పని వరకే, కమాండ్లు నడిచేది ఒకే థ్రెడ్ మీద. రెడిస్‌కి ఎక్కువ కోర్లు వాడాలంటే అదే మెషీన్‌లో నాలుగైదు ఇన్‌స్టెన్సులు (విడివిడిగా నడిచే కాపీలు) పెట్టి డేటా పంచాల్సిందే.