1999 వేసవి, శ్రీనగర్ కంట్రోల్ టవర్

కార్గిల్ యుద్ధంలో నువ్వు విమానం నడిపావా అని మన బడి బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం వస్తోంది కదా, అందుకే ఇది రాస్తున్నాను. నాది వైమానిక దళంలో, విమానాలు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు దిగాలో చెప్పే కంట్రోల్ టవర్‌లో పని. దుండిగల్ అకాడమీ, బేగంపేటలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ శిక్షణ అయ్యాక శ్రీనగర్ పంపారు. అప్పట్లో ఆడవాళ్లకు షార్ట్ సర్వీస్ కమిషనే, అంటే కొన్నేళ్ల కొలువు.

మే 26న ఆపరేషన్ సఫేద్ సాగర్, అంటే ఆ యుద్ధంలో మన వైమానిక దళం దాడులు, మొదలైంది. శత్రువు 16,000 అడుగుల పైన శిఖరాల మీద తిష్ఠ వేశాడు. నియంత్రణ రేఖ మాత్రం దాటొద్దని ఢిల్లీ ఆదేశం. మావాళ్లు ఆ ఇరుకులోనే మలుపు తిరిగి దాడిచేసి రావాలి.

టవర్‌లో ఒక్కో విమానానికి ఒక్కో స్ట్రిప్ (చీటీ) మీద లేచిన టైము, దిగిన టైము రాస్తాం. మే 27న రెండింటికి దిగిన టైము రాయనేలేదు. ఫ్లైట్ లెఫ్టినెంట్ కంబంపాటి నచికేత మిగ్-27 ఇంజను ఆగిపోతే ఆయన పారాచూట్‌తో దూకేశారు. ఎక్కడ పడ్డారో చూద్దామని అక్కడే తిరిగిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా మిగ్-21కి క్షిపణి తగిలింది. మర్నాడు ఎంఐ-17 హెలికాప్టర్ కూలి నలుగురు పోయారు. నచికేత వారం దాటాక పాకిస్తాన్ చెరనుంచి వచ్చారు. ఇంటిపేరు వింటే మనవాడేనన్న ఆపేక్ష ఎవరికైనా కలుగుతుంది. నేను మాత్రం ఎక్కువగా తలుచుకునేది ఆహూజాగారినే. తోటివాడి కోసం ఆగిన మనిషి ఆయన.

మన లెక్కల మాస్టారు నోటిలెక్కలు నిలబెట్టి, గట్టిగా చెప్పించేవారు, గుర్తుందా? తిరిగొచ్చే మిగ్‌లలో ఇంధనం అంతంతమాత్రం. ఎవర్ని ముందు దింపాలి, ఎవరు ఎన్ని నిమిషాలు ఆగగలరు అన్నది అప్పటికప్పుడు నోటితోనే తేల్చాలి. గొంతు తడబడితే పైనున్నవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. మాస్టారు పెట్టిన భిక్ష నాకు అక్కడ అక్కరకొచ్చింది. ఆ సంగతి ఆయనకు ఉత్తరం రాశాను కూడా.

గుంజన్ సక్సేనా, శ్రీవిద్య రాజన్ ఆ యుద్ధంలోనే చీతా హెలికాప్టర్లు నడిపారు. 2016లో దుండిగల్ పరేడ్‌లో ముగ్గురమ్మాయిలు తొలిసారి ఫైటర్ పైలట్లయ్యారు. 2022 నుంచి, త్రివిధ దళాలకు అధికారుల్ని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో కూడా అమ్మాయిల్ని చేర్చుకుంటున్నారు. ఇంటర్లో ఎంపీసీ చదివితే వైమానిక దళానికి ఆ అకాడమీ ప్రవేశ పరీక్ష రాయొచ్చని మన పల్లెల్లో చెప్పేవాళ్లు తక్కువ. సమ్మేళనం రోజు మధ్యాహ్నం మన బడి పదో తరగతి గదిలో ఉంటాను. ఆసక్తి ఉన్న పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని కూడా తీసుకురండి.