వ్యాసానికి రెండు ఓట్లు

ప్రాక్టికల్ రికార్డులు దిద్దేటప్పుడు నేను ముందు జవాబు చూడను. జవాబు పక్కన ± (జవాబు అటూ ఇటూ ఎంత తేడాగా ఉండొచ్చో, అంటే అనిశ్చితి ఎంతో చెప్పే గుర్తు) ఉందా, ఉంటే ఆ అంకె ఎలా వచ్చిందో చూస్తాను. "ఘనపరిమాణం 6038.141 ఘన మి.మీ." అని రాసి, కింద రెండు గీతలు కొట్టిన పేజీ కనబడితే మనసు చివుక్కుమంటుంది. ఆ మూడు దశాంశాలు కాలిక్యులేటర్ ఇచ్చినవి, కొలత ఇచ్చినవి కావు.

ఆ లెక్కే తీసుకుందాం. ఒక గుండ్రటి లోహపు కడ్డీ, దాని ఘనపరిమాణం π × d² × పొడవు ÷ 4, ఇక్కడ d అంటే అడ్డంగా కొలిచిన వ్యాసం. వ్యాసం వెర్నియర్‌తో (మిల్లీమీటరులో పదో వంతు దాకా చూపే జారుడు కొలబద్దతో) 12.4 మి.మీ., అటూ ఇటూ 0.1. పొడవు మామూలు స్కేలుతో 50.0 మి.మీ., అటూ ఇటూ 0.5. తప్పును లెక్కకట్టే సూత్రాలేవీ గుర్తులేకపోయినా ఫర్వాలేదు, రెండు కొలతలనూ వీలైనంత పెంచి ఒకసారి, వీలైనంత తగ్గించి ఒకసారి లెక్క కట్టండి. 12.5, 50.5 పెడితే 6197 వస్తుంది. 12.3, 49.5 పెడితే 5882. అంటే మధ్య విలువకు ఇరువైపులా సుమారు 158 దాకా జారొచ్చు. "6038"లో చివరి రెండు అంకెల మీద కూడా మనకు హక్కు లేదన్నమాట, ఇక దశాంశాల సంగతి చెప్పేదేముంది!

ఇది గరిష్ఠ హద్దు. రెండు తప్పులూ ఒకేసారి ఒకే వైపు పూర్తిగా పోవడం అరుదు కాబట్టి శాతాలను వర్గాలు చేసి, కలిపి, వర్గమూలం తీస్తారు. పొడవులో 1 శాతం. వ్యాసంలో 0.8 శాతమే, కానీ సూత్రంలో అది వర్గమై కూర్చుంది కాబట్టి 1.6. చూడ్డానికి వ్యాసమే మెరుగైన కొలత, తుది జవాబును ఎక్కువ చెడగొట్టేదీ అదే. ఎన్నికల్లో దానికి రెండు ఓట్లున్నట్టు. రెండూ కలిస్తే 1.9 శాతం. నేనైతే 6040 ± 110 అని రాస్తాను.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. d² అంటే d ని d తో గుణించడమే కదా, రెండు కొలతలే కదా, అందుకని 0.8 ని √2 తోనే హెచ్చిస్తారు. కాదు. అది ఒకే కొలత రెండుసార్లు వాడుకోవడం. మొదటి d ఎక్కువొస్తే రెండో d కూడా కచ్చితంగా ఎక్కువే, ఒకదాని తప్పును ఇంకొకటి తగ్గించే అవకాశమే లేదు. అందుకే నేరుగా రెండు రెట్లు. గోళమైతే మూడు రెట్లు. స్కేలుకే లోపముండి, పొడవు, వెడల్పు రెండూ దానితోనే కొలిచినా ఇదే కథ: ఆ లోపాలు రెండూ ఒకే వైపు లాగుతాయి.

స్క్రూ గేజ్ (మర తిప్పుతూ మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచే పరికరం) తెచ్చి వ్యాసాన్ని 0.01 దాకా కొలిస్తే 1.9 శాతం కాస్తా సుమారు 1 కి దిగుతుంది. దాని బదులు పొడవును 0.1 దాకా కొలిస్తే 1.6 దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడ శ్రమ పెట్టాలో కొలవకముందే తెలుస్తుంది, ఈ లెక్క మీద నాకున్న ఇష్టమంతా అందుకే. అయితే స్క్రూ గేజ్ చేతికి రాగానే నిశ్చింత అనుకోవద్దు. కడ్డీని తొంభై డిగ్రీలు తిప్పి, ఆ కొసనా ఈ కొసనా కొలిచి చూడండి. రీడింగులు 0.05 తేడాతో వస్తుంటే మీ తప్పు 0.01 కాదు. కడ్డీయే గుండ్రంగా లేదు.

అన్నిటికంటే ప్రమాదం తీసివేతతో. ఒక గొట్టం బయటి వ్యాసం 20.0, లోపలి వ్యాసం 18.0, రెండింటికీ అటూ ఇటూ 0.1. ఒక్కొక్కటి అర శాతం చుట్టుపక్కలే, భేషుగ్గా ఉంది. కానీ అడ్డకోతలో లోహపు వైశాల్యం 59.7 చ.మి.మీ. అని కట్టి చూస్తే అనిశ్చితి 4.2, అంటే 7 శాతం! పెద్ద సంఖ్యలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, తప్పులు మాత్రం మిగిలాయి. లోపలి వ్యాసం జోలికి పోకుండా గోడ మందాన్నే నేరుగా 1.00 ± 0.01 అని కొలిస్తే అదే వైశాల్యం 1 శాతానికి కాస్త పైన తేలుతుంది. మందం కొలిచే స్క్రూ గేజ్‌కు లోపలి వైపు గుండు మొన ఉండాలి. చదును మొన ఆ వంపులో అంచుల మీదే ఆనుతుంది, మొన వెడల్పు 6.5 మి.మీ. ఉంటే మందాన్ని అర మిల్లీమీటరు పైనే ఎక్కువ చూపిస్తుంది.

దూరం, కోణం కొలిచి చెట్టుదో భవనానిదో ఎత్తు కట్టేవాళ్లకు ఒక మాట. కోణంలో ఒక డిగ్రీ తేడా 45° దగ్గర ఎత్తును 3.5 శాతం మారుస్తుంది, 80° దగ్గర 10 శాతం. 20 మీటర్ల ఎత్తుకు అది 70 సెంటీమీటర్లకూ రెండు మీటర్లకూ ఉన్న తేడా. కాబట్టి ముందు నిలబడే చోటు మార్చుకోండి, ఖరీదైన పరికరం గురించి తర్వాత చూసుకోవచ్చు. చివర్లో కంటి ఎత్తు కలపడం మాత్రం మరవకండి.