పోపులో ఇంగువ

పులిహోర పోపు వేస్తూ ఇంగువ డబ్బా వెనుక చిన్న అక్షరాలు చదివితే, అందులో గోధుమ పిండి, తుమ్మ జిగురు ఉన్నాయని తెలిసింది. అసలు ఇంగువ అఫ్ఘానిస్థాన్, ఇరాన్ వంటి చోట్ల ఫెరులా మొక్క వేరుకు గాటు పెడితే కారే పాలు గడ్డకట్టగా వచ్చేది. అది భరించలేనంత ఘాటు కనుక పిండి కలిపి అమ్ముతారు. మాగాయ మొదలు హోటల్ సాంబారు దాకా మనం ఇంతగా వాడే ఈ దినుసును మన దేశంలో పండించే ప్రయత్నం 2020 అక్టోబరులో, హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొదలైందంటే నాకు ఆశ్చర్యమే వేసింది. గోధుమ పడని బంధువులు భోజనానికి వస్తున్నారు కనుక, ఈసారి బియ్యప్పిండి కలిపిన ఇంగువ కోసం దుకాణంలో అడగాలి.