మన మాట ఎవరికీ అర్థం కాదన్నాం

శ్రీలంకలో తొమ్మిది రోజులు తిరిగాం. క్యాండీ, నువర ఎలియ, దంబుల్ల, సిగిరియ, అనురాధపురం. వాటి గురించి చక్కగా, ఫొటోలతో సహా రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది మా అమ్మాయి చిన్ని నోటి గురించి.

తప్పు మాదే. 2018 మే నెల, వేసవి సెలవులు. కొలంబోలో దిగిన రోజే త్రీవీలర్ అతను మీటర్ వెయ్యనన్నాడు. మా ఆయన మొహం నిండా నవ్వు పెట్టుకుని, అతని ముందే నాతో తెలుగులో, "వీడు మనల్ని ముంచేలా ఉన్నాడు, ఇంకొకణ్ణి చూద్దాం" అన్నాడు. వెనక సీట్లో నానమ్మ (మా అత్తయ్య) ఒళ్ళో కూర్చున్న చిన్ని కంగారు పడిపోయింది. "నాన్నా, వింటాడు!"

"విననీ. ఇక్కడ మన మాట ఎవరికీ అర్థం కాదు."

ఏడేళ్ళ పిల్లకి ఇంతకంటే పెద్ద వరం ఎవరిస్తారు? అప్పటిదాకా ఇంట్లో మేం దానికి నేర్పిందల్లా ఎవరి గురించీ గట్టిగా మాట్లాడకూడదని, వేలు పెట్టి చూపించకూడదని. ఒక్క వాక్యంతో అన్నీ రద్దయిపోయాయి.

ఆ రాత్రి హోటల్ కౌంటర్ దగ్గరే మొదలెట్టింది. "అమ్మా, ఈయన జుట్టు నిజంది కాదు కదా?" అంది, మామూలు గొంతుతో, ఆయన కళ్ళలోకి చూస్తూ. ఆయన ఏదో మెచ్చుకుందనుకుని డబ్బాలోంచి రెండు టాఫీలు తీసిచ్చాడు. నేను కోప్పడాల్సింది. నవ్వాపుకోలేక బ్యాగు సర్దుతున్నట్టు వంగాను. ఇక దానికి పగ్గాల్లేవు. తమిళం తెలిసినవాళ్ళు అక్కడ అడుగడుగునా ఉంటారు కాబట్టి తమిళంలో పొరపాటున కూడా ఏమీ అనొద్దని, తెలుగైతే పరవాలేదని మా ఆయన దానికి రూల్స్ కూడా చెప్పాడు.

క్యాండీ నుంచి దంబుల్లకి ప్రైవేటు బస్సులో వెళ్ళాం. మన దగ్గర ఆడవాళ్ళ సీట్లున్నట్టు అక్కడి బస్సుల్లో ముందు సీట్లు బౌద్ధ భిక్షువులకి వదలాలి. మాకు తెలీదు. చిన్ని పరిగెత్తుకెళ్ళి ముందు కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపులు పోయాక ఒక పెద్దాయన కాషాయం బట్టలతో ఎక్కాడు. కండక్టర్ వచ్చి "దువ, దువ" అంటూ దాన్ని లేపాడు. దువ అంటే సింహళంలో కూతురు, అమ్మాయ్ అన్నట్టు. ఇది మాత్రం ఏదో తిట్టే అనుకుంది. స్పీకర్లలోంచి పాట చెవులు పగలగొడుతుంటే, అంతకంటే గట్టిగా, "ఈ గుండు తాత నా సీటు లాక్కున్నాడు! నిలబడలేడా? నాకంటే లావున్నాడు!" అని అరిచింది. ఆయన దాని వైపు చూసి ఎంత ప్రశాంతంగా నవ్వాడంటే, మా అత్తయ్యకి సిగ్గేసి చేతులు జోడించింది. దంబుల్ల దాకా ఒకావిడ చేపల సంచీ నా పాదాల మీదే ఉంది.

నిజం చెప్పాలంటే మేమూ తక్కువ తినలేదు. పండ్ల బండి ముందు నిలబడి ధరని మన రూపాయల్లోకి మార్చుకుంటూ (అప్పుడు మన రూపాయికి వాళ్ళవి రెండు పైచిలుకు వచ్చేవి) "సగానికి అడుగు, ఇస్తాడు" అని బాహాటంగా చర్చించుకునేవాళ్ళం. అత్తయ్య కూడా నువర ఎలియలో పక్క టేబుల్ వాళ్ళ కోడలి మీద వ్యాఖ్యానం మొదలెట్టింది. వాళ్ళు ఎవరో, ఆ అమ్మాయి కోడలో కూతురో కూడా తెలీదు. "చూడు, అత్తగారికి ముందు వడ్డించి తర్వాత తింటోంది" అంటే, అది వాళ్ళ గురించా నా గురించా అని నేను ఆలోచిస్తూ కూర్చున్నాను. సీత ఎలియలో అమ్మవారి గుడి, పక్కన వాగు, రాతి మీద హనుమంతుడి పాదాలనే గుంటలు చూశాం. అత్తయ్య వచ్చిందే దానికోసం. అక్కడ ఒక్క గంట మాత్రం మేం నలుగురం ఎవర్నీ ఏమీ అనలేదు.

దంబుల్ల లాడ్జిలో పొద్దున్నే పియానో ట్యూన్ ఒకటి వినబడేది. ఐస్‌క్రీం బండేమో అని చిన్ని పరిగెత్తింది. రొట్టెల త్రీవీలర్! వెనక అద్దాల పెట్టె, అందులో బన్నులు, బ్రెడ్డులు. దాన్ని చూన్ పాన్ అంటారట. "పాన్ అంటే కిళ్ళీ కదమ్మా?" కాదు, అక్కడ పాన్ అంటే బ్రెడ్, పోర్చుగీసువాళ్ళు వదిలిపెట్టి పోయిన మాట. మొసలి ఆకారంలో, పైన పంచదార అద్దిన బన్ను ఒకటుంది. కింబుల బనిస్. కింబుల అంటే మొసలి. చిన్ని రోజూ తోకతో మొదలెట్టి తల చివర్లో తినేది, అరుస్తుందేమో చూడాలని. ఆ బన్నులతను రోజూ ఒకే ఎర్ర చొక్కా వేసుకొచ్చేవాడు. ఆ మాట కూడా దాని నోట్లో ఆగలేదు. అతను రోజూ "గుడ్ గుడ్" అనేవాడు.

సిగిరియ కొండకోట గురించి ఎక్కువ రాయను, కడుపు మండుతుంది. అప్పుడు టికెట్ మనిషికి ముప్పై డాలర్లు. సార్క్ దేశాలవాళ్ళకి, అంటే మనకీ, సగమే, కానీ పాస్‌పోర్ట్ చూపించాలన్నారు. మా పాస్‌పోర్టులు దంబుల్ల లాడ్జి బీరువాలో భద్రంగా ఉన్నాయి. పెట్టింది ఎవరో చెప్పను, మా ఆయన ఇది చదువుతాడు. ఆయన త్రీవీలర్‌లో వెళ్ళి తెచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. పన్నెండొందల మెట్లు. అత్తయ్య కిందే చెట్టు నీడన ఉండిపోయింది. దారిలో ఉన్న పెద్ద సింహం పాదాల శిల్పం దాకా చిన్ని బానే ఎక్కింది, ఎందుకంటే పైన రావణుడి ఇల్లుందని ఎవరో చెప్పారు దానికి. పైకెళ్ళాక పునాది గోడలు, ఒక నీళ్ళ గుంట. ఇది కట్టించింది అయిదో శతాబ్దంలో కశ్యపుడనే రాజని, తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి గద్దెనెక్కాడని, తమ్ముడొచ్చి పడతాడన్న భయంతో ఇంత ఎత్తున కాపురం పెట్టాడని చెప్పాను. కిందికొచ్చాక అది నానమ్మకి ఒప్పజెప్పింది. అత్తయ్య ఒక్క మాటే అంది: "రావణుడే నయం."

ఇక అనురాధపురం.

రువన్‌వెలిసాయ స్తూపం దగ్గర చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ రాతి పలకల మీద అట్లు పొయ్యొచ్చు. తెల్లబట్టల్లో వచ్చిన అక్కడివాళ్ళు నీలం కలువలు పట్టుకుని నింపాదిగా నడుస్తున్నారు. మేం మాత్రం కుప్పిగంతులు. చిన్ని ఒక ఉపాయం కనిపెట్టింది. నానమ్మ నీడలో నిలబడుతుంది. నడినెత్తిన సూర్యుడు కదా, అత్తయ్య నీడ చీర కుచ్చిళ్ళ కింద చిన్న చాపంత పడుతోంది. ఈ పిల్ల ఆ చాప మీద రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, ఆవిడ అడుగేస్తే తనూ అడుగేస్తూ, మొత్తం ప్రదక్షిణ చేసింది. ఎండకి, నడకకి మా నలుగురికీ ఒకరంటే ఒకరికి పడని స్థితి వచ్చింది. శ్రీమహాబోధి వృక్షం చూడటం అయ్యాక బస్టాండుకి వెళ్ళే దారిలో చెట్ల కింద కూలబడ్డాం.

అక్కడే ఒకావిడ ఉంది. యాభై, అరవై మధ్య వయసు, భుజానికి గుడ్డ సంచీ. కొంచెం దూరంలో ఒకతను బల్లపరుపు గుండ్రటి బుట్ట ముందు పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. ఆవిడ మా వైపు చూసి నవ్వింది. ఆకూ వక్కా నమిలిన నోరు.

"అమ్మో, నానమ్మా! ఆవిడ పళ్ళు చూడు, ఎర్రగా! రాక్షసిలాగా ఉంది! నిజంగా లంకలో రాక్షసి!"

ఆవిడ నవ్వు ఆగింది. తల పక్కకి వంచి చిన్నినే చూస్తూ, "రాక్షసి కాదు పాపా. ఆకు" అని, నోరు తెరిచి నాలుక చూపించింది.

అక్షరాలా అలాగే అందని ప్రమాణం చెయ్యలేను. యాస వేరు, మాటల చివర్లు వేరు. కానీ మా నలుగురికీ అర్థమైంది ఒకేలా. ఒక్క క్షణం ఎవరమూ ఊపిరి తియ్యలేదు. చిన్ని మొహం ఎలా అయిందో నేను ఎప్పటికీ మర్చిపోలేను. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మెల్లిగా వచ్చి నా వెనక దాక్కుని, కొంగు నోట్లో కుక్కుకుంది.

అత్తయ్యకి మాత్రం సిగ్గూ లేదు, భయమూ లేదు. ఇన్ని రోజుల నుంచీ కొడుకూ కోడలూ మనవరాలూ తప్ప మాట్లాడే దిక్కు లేక అల్లాడిపోయిన మనిషి. "నీకు తెలుగొచ్చా!" అని వెళ్ళి ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పి ఏమైందో మరి. నీళ్ళు, బిడ్డ, పాము, ఇల్లు, అన్నం ఇలాంటి మాటలు ఇద్దరికీ కలిశాయి. పెద్ద మాటలొస్తే ఆవిడ సింహళంలోకి జారిపోయేది, ఈవిడ చేతులు తిప్పేది. మధ్యలో తమిళం. అయినా పది నిమిషాల్లో ఎంతమంది పిల్లలో, ఎవరికి పెళ్ళయిందో, ఎవరు పట్టించుకోరో తేలిపోయింది.

చిన్నికి కుతూహలం ఆగలేదు. కొంగు వదలకుండానే అడిగింది. "మీకు తెలుగు ఎవరు నేర్పారు?"

"మా అమ్మ."

"మా ఊళ్ళో అందరూ ఇదే మాట్లాడతారు."

ఆవిడ నమ్మలేదు. "అందరూనా? పోలీసోళ్ళు కూడానా?"

"పోలీసులు కూడా. మా టీచర్లు కూడా. టీవీలో కూడా."

ఆవిడ కునికే మనిషిని లేపి ఆ సంగతి చెప్పింది. అతనూ పోలీసుల దగ్గరే నవ్వాడు. చిన్ని అడగకుండానే బుట్ట మూత కొంచెం ఎత్తాడు. లోపల బూడిదరంగు చుట్ట, సైకిల్ ట్యూబులా. వేలితో తట్టాడు. చుట్టలోంచి తల లేచి, పడగ విచ్చి, ఆ ఎండలో విసుగ్గా మమ్మల్ని చూసింది. మా అందరి మధ్యాహ్నపు మొహాల్లాగే ఉంది దాని మొహం. నేను మూత వేసెయ్యమన్నాను. తెలుగులోనే అన్నాను. వేసేశాడు.

తర్వాత చెయ్యి చూడటం. అత్తయ్యది చూసింది, నాది చూసింది, చివరికి చిన్ని చెయ్యి పట్టుకుని గీతల మీద వేలు రాసి, "ఈ పిల్లకి నోరెక్కువ" అంది. చిన్ని కళ్ళు ఇంతింత చేసుకుని "ఎలా తెలిసిందమ్మా?" అని నన్నడిగింది.

డబ్బు దగ్గరకొచ్చేసరికి అసలు ఇబ్బంది. వెయ్యి అడిగింది. మా ఆయన అలవాటుగా నా వైపు తిరిగి, "ఇదేం ద..." అని మొదలెట్టి గుటక వేశాడు. దోపిడీ అనబోయాడు. బేరం ఆడటానికి మాకు భాష లేదు! ఇద్దరం గబగబా హిందీలోకి మారాం, అదీ అంతంతమాత్రం హిందీ. అత్తయ్యకి హిందీ రాదు. "ఏంట్రా ఆ గొణుగుడు? మనిషి ముందు తెలుగులో మాట్లాడండి" అని కసిరింది. చివరికి మా ఆయన అయిదొందలిచ్చాడు. అత్తయ్య తన బొడ్లో సంచీలోంచి ఇంకో అయిదొందలు తీసి ఆవిడ గుప్పిట్లో పెట్టి మూసేసింది. ఆ నోటు నేను అత్తయ్యకి చిల్లర ఖర్చులకని ఇచ్చిందే. తొమ్మిది రోజుల్లో ఆవిడ పెట్టిన ఖర్చు అదొక్కటే.

రాత్రి లాడ్జిలో ఫోన్లో వెతికాను. వాళ్ళని అక్కడ అహికుంటికలంటారు. అహి అంటే పామే కదా. పాములాడించేవాళ్ళు, కోతులాడించేవాళ్ళు, చెయ్యి చూసే ఆడవాళ్ళు. ఒకప్పుడు తాటిజాతి ఆకుల గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగేవాళ్ళు. ఇప్పుడు చాలామంది కూడాగమ లాంటి ఊళ్ళలో స్థిరపడ్డారు. ఆ కూడాగమ అనురాధపురం జిల్లాలోనే ఉంది. క్యాండీని చివర్లో ఏలిన నలుగురు రాజులు తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశం వాళ్ళని అక్కడి గైడు చెబితే శ్రద్ధగా విని ఫొటో తీసుకున్నాం. వీళ్ళ గురించి ఒక్క గైడూ ఎత్తలేదు. చిన్ని మంచం మీద పడుకుని పైకి చూస్తూ వేళ్ళు మడుస్తోంది. ఏంటని అడిగితే, హోటలాయన, గుండు తాత, బన్నుల అంకుల్... వీళ్ళలో ఎంతమందికి తెలుగు వచ్చుంటుందో లెక్కేస్తోందట.

మర్నాడు కొలంబో బస్సు. చిన్ని పక్క సీట్లో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పెద్ద బొజ్జ, చొక్కా గుండీ ఒకటి ఊడి, దారం వేలాడుతోంది. దాని చూపు ఆ దారం మీదే ఉంది. నోటిదాకా వచ్చింది, పెదాలు బిగబట్టింది. కాసేపాగి, చాలా మర్యాదగా ఆయన్నే అడిగింది.

"అంకుల్, మీకు తెలుగు వచ్చా?"

ఆయన నవ్వి, తల అటూ ఇటూ ఊపాడు. అది అవునో కాదో మా ఎవరికీ తేలలేదు. చిన్ని కిటికీ వైపు తిరిగి, కొలంబో దాకా నోరు తెరవలేదు.