కొత్త కెమెరా రా ఫైళ్లు, పాత సాఫ్ట్‌వేర్

కొత్త కెమెరాతో రా ఫైళ్లుగా, అంటే సెన్సర్ కొలిచిన డేటాను అలాగే దాచే ఫైళ్లుగా తీసిన మొదటి ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న రోజున, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాటిలో ఒక్కదాన్నీ తెరవలేదు. ఫైళ్లు పాడైపోయాయేమోనని కంగారుపడ్డాను. కానీ అవే ఫొటోలు ఫోల్డర్‌లో చిన్న బొమ్మలుగా చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ బొమ్మలు రా డేటా నుంచి వచ్చినవి కావనీ, కెమెరా రా ఫైలులోనే పొందుపరిచే జేపెగ్‌లనీ తర్వాత తెలిసింది.

రా డేటా నిజానికి ఇంకా చిత్రం కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకదాని గుండా వచ్చిన వెలుతురును ఒక్కో పిక్సెల్ కొలిచి రాసుకున్న అంకె మాత్రమే అందులో ఉంటుంది. 14 బిట్ల ఫైలులో ఆ కొలతకు 16,384 మెట్లు ఉంటాయి. ఈ అంకెలను రంగులుగా మార్చాలంటే ఆ మోడల్‌లో నలుపు ఏ అంకె దగ్గర మొదలవుతుందో, తెలుపు ఎక్కడ నిండిపోతుందో, సెన్సర్ చూసే ఎరుపును మన కంటి ఎరుపుకు ఎలా సరిచేయాలో సాఫ్ట్‌వేర్‌కు తెలిసి ఉండాలి. కెమెరా కంటే ముందే వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఆ వివరాలు ఉండే అవకాశమే లేదు. ఒక్కోసారి ఫైలు నిర్మాణమే మారిపోతుంది. కెనాన్ 2018లో ఈఓఎస్ ఎం50 కెమెరాతో తెచ్చిన సీఆర్3 అనే రా ఫైలు, అంతకు ముందరి సీఆర్2 మాదిరిగా టిఫ్ అనే చిత్రాల ఫైలు పద్ధతిలో కాకుండా ఎంపీ4 వీడియోల పద్ధతిలో ఉంటుంది.

నేను మొదట అడ్డదారి తొక్కాను. ఒక నకలు తీసుకుని, అందులోని మోడల్ పేరును, ఫొటో ఫైలులోని వివరాలను మార్చే ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో పాత కెమెరా పేరుగా మార్చగానే ఫైలు తెరుచుకుంది. అది సాయంత్రపు వెలుగులో కొమ్మ మీద కూర్చున్న కాకి ఫొటో. రెక్క కింద నల్లగా ఉండవలసిన నీడంతా వంకాయ రంగు పరుచుకుంది, వెలుతురు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఎటు జరిపినా పోలేదు. నలుపు మొదలయ్యే అంకెను ప్రతి కొలత నుంచి పూర్తిగా తీసివేయకపోతే, మిగిలిపోయిన అంకెను వైట్ బ్యాలెన్స్ ఎరుపులోనూ నీలంలోనూ ఎక్కువగా హెచ్చవేస్తుంది, ఆకుపచ్చ వెనుకబడిపోతుంది. సెన్సర్ ఒకటే అని రూఢిగా తెలిస్తే తప్ప ఈ పద్ధతి జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

నాకు దారి చూపింది డీఎన్‌జీ అనే రా ఫైలు ఫార్మాట్. అడోబీ 2004లో ప్రకటించిన ఈ ఫార్మాట్‌లో నలుపు, తెలుపు హద్దులూ రంగుల పట్టికా ఫైలులోనే ఉంటాయి కాబట్టి, పాత సాఫ్ట్‌వేర్‌కు కెమెరా పేరుతో పని ఉండదు. మార్చి ఇచ్చే కన్వర్టర్‌ను అడోబీ ఉచితంగానే ఇస్తోంది. అయితే ఆ కన్వర్టర్ మాత్రం మీ కెమెరా తర్వాత విడుదలైనదే కావాలి. కొత్త కన్వర్టర్ పాత ఆపరేటింగ్ సిస్టమ్‌పై నడవకపోవచ్చు కనుక నేను వేరే కంప్యూటర్‌లో మార్చి తెచ్చుకుంటున్నాను. సెట్టింగులలో కంపాటిబిలిటీ దగ్గర మీ సాఫ్ట్‌వేర్ కాలానికి సరిపోయే వెర్షన్‌ను ఎంచుకోవాలి, లీనియర్ అన్న ఎంపికను వదిలేయాలి. అది రంగులను ముందే కలిపేస్తుంది, ఫైలును బాగా పెంచుతుంది.

అసలు ఫైళ్లను నేను తొలగించడం లేదు. కెమెరా తయారీదారు సొంత సాఫ్ట్‌వేర్‌కు అవే కావాలి. డిస్కులో రెట్టింపు చోటు పోతున్నా, డీఎన్‌జీగా మారిన కాకి ఫొటోలో రెక్క కింది నీడ నల్లగా, ఆ నలుపులో ఈక అంచులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాక నాకు ఆ చోటు గురించి బాధ లేదు.