కూలింగ్ చార్జీ

పదకొండు కావస్తోంది. అత్తమ్మ, పిల్లలు పడుకున్నారు. నాకే నిద్ర రావడం లేదు.

పొద్దున సందు చివరి కొట్టులో పాలు తీసుకున్నాను. ఎప్పటిలాగే స్వకృషి ఫుల్ క్రీమ్, అర లీటరువి రెండు. ప్యాకెట్ మీద ఉన్న రేటుకు సరిగ్గా లెక్కపెట్టి ఇస్తే "ఇంకో రెండు రూపాయలు అక్కా, కూలింగ్ చార్జీ" అన్నాడు. ప్యాకెట్‌కు రూపాయి అట. ఎమ్మార్పీలోనే అన్నీ కలిసి ఉంటాయి, దాని మీద పైసా ఎక్కువ తీసుకోకూడదని చట్టం ఉంది కదా అన్నాను. "అందరూ ఇస్తున్నరు, మీకొక్కరికేనా?" అన్నాడు. వెనకాల నిలబడ్డాయన "రెండు రూపాయలకు ఇంత పంచాయితీ ఎందుకమ్మా" అని నవ్వాడు. ఇచ్చేసి వచ్చాను.

ఇచ్చి రావడమే రోజంతా గుచ్చుతోంది. ఈయనతో చెబితే "వేరే కొట్టుకు వెళ్ళు" అని మళ్ళీ ఫోన్‌లో పడ్డారు.

నాయనమ్మ అయితే ఇచ్చేది కాదు. ఊళ్ళో పాలకేంద్రానికి నన్ను వెంట తీసుకెళ్ళేది. ఆ గదిలో ముక్కుకు ఘాటుగా తగిలే వాసన. కేంద్రం అతను గాజు గొట్టంలో యాసిడ్, దాని మీద పాలు పోసి, బిరడా బిగించి, చేత్తో తిప్పే మిషన్‌లో పెట్టేవాడు. గిర్రున తిరిగి ఆగాక గొట్టాన్ని కళ్ళకెదురుగా ఎత్తి గీతలు చూసేవాడు. వెన్న ఎన్ని గీతలు తేలితే అంత ఫ్యాట్, దాన్ని బట్టే రేటు. ఒకరోజు ఐదున్నర అని రాశాడు. నాయనమ్మ చెంబు కింద పెట్టింది. "నిన్న ఆరున్నర వచ్చింది. బర్రె అదే, మేత అదే. మళ్ళ చూడు." వెనక వరుసంతా సణిగింది. నేను సిగ్గుతో ఆమె కొంగు చాటున నిలబడ్డాను. మళ్ళీ తిప్పాడు. ఆరు పాయింట్ నాలుగు. కార్డులో కొట్టేసి దిద్దేదాకా ఆమె కదల్లేదు. ఆ పూటకు కలిసొచ్చింది రూపాయో, రూపాయిన్నరో. పదిహేను రోజుల బిల్లులోంచే బర్రెకు తవుడూ నాకు నోటుబుక్కులూ వచ్చేవి.

ఇందాక ఖాళీ ప్యాకెట్ కడుగుతూ చదివాను: ఫ్యాట్ 6.0, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న, నీళ్ళు పోగా పాలలో మిగిలే గట్టి పదార్థం) 9.0. ఇదంతా అలా ఎవరో ఒకామె కార్డులో ఎక్కిన లెక్కే. స్వకృషి పాలు వచ్చే ముల్కనూరు డెయిరీలో సభ్యులంతా ఆడవాళ్ళే. 1956లో విశ్వనాథరెడ్డి గారు పెట్టిన రైతుల సహకార సొసైటీ ఉన్న ఊరది. 2002 నుంచి ఈ ఆడవాళ్ళు తమ పాలు తామే సేకరించి అమ్ముకుంటున్నారు. అందుకే నేను వేరే ప్యాకెట్ తీసుకోను, అత్తమ్మ ఎంత సణిగినా సరే.

ఇక ఆ కొట్టు గడప తొక్కనని రాద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే మనసు మారుతోంది. అతను ఐదింటికల్లా షట్టర్ ఎత్తుతాడు. ఫ్రిజ్ రాత్రంతా నడవాల్సిందే, కరెంటు బిల్లు అతనే కట్టుకోవాలి. ప్యాకెట్ మీద అతనికి మిగిలేది కొంచెమే. పోయిన వానాకాలంలో చిన్నదానికి జ్వరం వస్తే, మూసిన షట్టర్ మళ్ళీ ఎత్తి పాలిచ్చింది కూడా అతనే. అది మరిచిపోతే నాదే తప్పు.

కానీ ఆ రూపాయి పాలు పోసినామెకు చేరదు. కమిషన్ చాలకపోతే డెయిరీ వాళ్ళను అడగాలి, నన్ను కాదు. కొట్టు మానను. రేపు కూడా సరిగ్గా ప్యాకెట్ మీది రేటే ఇస్తాను. గొంతు పెంచకుండా, వెనక ఎవరు నవ్వినా.

పాలు గోరువెచ్చగా అయ్యాయి. తోడు వేసి గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టాలి, ఈ చలికి బయట పెడితే పెరుగు పేరుకోదు.