చిన్నోడికి ఆఖరి కట్టు

మా చిన్నోడు పాదం లోపలికి తిరిగి పుట్టాడు, దీన్నే క్లబ్‌ఫుట్ అంటారు. ఈ రోజు వాడి మడమ నరం, అంటే పిక్కని మడమకి కలిపే గట్టి తాడులాంటిది, కోశారు. వారం నుంచీ ఆ మాట తలుచుకుంటేనే టెన్షన్. తీరా చూస్తే నేను మందుల చీటీ పట్టుకుని కిందికెళ్లి వచ్చేలోపు అయిపోయింది. పూర్తి మత్తు కూడా ఇవ్వలేదు. మడమ దగ్గర మాత్రం తిమ్మిరెక్కే మందు వేసి, సన్నటి బ్లేడుతో చిన్న గాటు పెట్టారు. కుట్లు లేవు. వెంటనే తొడ దాకా పిండికట్టు వేసేశారు. ఇది మూడు వారాలు ఉంచాలట. ఆలోపు కోసిన నరం కాస్త పొడుగై తనంతట తనే అతుక్కుంటుందన్నారు డాక్టరు గారు.

వారం వారం పొదలకూరు నుంచి నెల్లూరు బస్సెక్కడం అలవాటైపోయింది. పాత కట్టు నానబెట్టి విప్పాక, కొత్తది వేసేలోపు ఆ కాలు తడిగుడ్డతో తుడుస్తూ మా ఆవిడ మురిసిపోతుంది. తను పాలు పడుతుంటే డాక్టరు గారు పాదాన్ని మెల్లగా బయటికి తిప్పి పట్టుకుంటారు, ఇంకొకరు కట్టు చుడతారు. లోపలికి తిరిగిన పాదం అలా వారాల్లోనే తిన్నగా వచ్చింది. మడమే పైకి లేచి ఉండిపోయింది. చాలామంది పిల్లలకి ఇంతేనట, అందుకే ఈ కోత.

ఈ పద్ధతి అమెరికాలో అయోవా యూనివర్సిటీలో పనిచేసిన పొన్సెటి అనే డాక్టరుది. ఆయన 1940ల చివర్లోనే మొదలుపెట్టినా చాలా ఏళ్లు ఎక్కువమంది డాక్టర్లు పెద్ద ఆపరేషన్లే చేస్తూ వచ్చారు. వాటితో పాదం తిన్నగా కనబడేది కానీ, పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పులు పెట్టేది. ఆయన ఓపికకి దణ్ణం పెట్టాలి.

మా సెంటర్లో పంక్చర్లు వేసే పెద్దాయనదీ ఇలాంటి పాదమే, కానీ ఆయనకి ఏ వైద్యమూ అందలేదు. పాదం బయటి అంచు మీదే నడుస్తాడు, అక్కడ చర్మం కాయలు కాసి నల్లగా గట్టిపడిపోయింది. బస్సు దిగగానే "ఎట్లుందయ్యా బిడ్డ కాలు?" అని అడిగే మొదటి మనిషి ఆయనే.

నాకు బాధంతా మా ఆవిడ గురించి. గ్రహణం రోజు కత్తిపీట ముందు కూర్చుని ఉంటుందని చుట్టాలంతా తనమీదే వేశారు. వెయ్యి మంది పిల్లల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ, కారణం చాలాసార్లు తెలియదు. ఇందులో తల్లి తప్పేముంది? పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టగానే వెతికే లోపాల్లో ఇదీ ఒకటి. ఇంత మామూలు విషయానికి ఒక బాలింతని ఏడిపించారు.

సాయంత్రం కట్టు మీద మడమ దగ్గర రూపాయి బిళ్లంత ఎర్ర మరక కనబడింది. కొంచెం రక్తం ఊరడం మామూలేనని ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. రక్తం సరిగ్గా ఆడుతోందో లేదోనని వాడి బొటనవేలు నొక్కి వదులుతున్నాను. తెల్లబడి, వెంటనే గులాబీ రంగుకొస్తోంది. వేళ్లు నీలంగా మారినా, వాచినా వెంటనే తీసుకురమ్మన్నారు.

అసలు కష్టం ఇకముందుంది. కట్టు తీశాక, మధ్యలో కడ్డీ బిగించిన బూట్లు. మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, తర్వాత నాలుగైదేళ్ల వయసు దాకా నిద్రపోయేటప్పుడల్లా. ఏడుస్తున్నాడని మానేస్తే పాదం మళ్లీ తిరిగిపోతుంది. మా అత్తగారిది వెన్నలాంటి మనసు, వాడు ఒక్క కేక పెడితే బూట్లు ఊడదీసేస్తారు. రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఆవిడకి అంతా వివరంగా చెప్పాలి.